రెండు పార్టీల మధ్య ఇరుక్కున్న ఓటు: న్యూజీలాండ్ ఎంఎంపీ పద్ధతికి నా రివ్యూ

నమస్తే అండి, ఆక్లాండ్ నుంచి మాట్లాడుతున్నాను. స్క్రీన్ మీద ఉన్న కాగితం ఒకసారి చూడండి. ఇది న్యూజీలాండ్ పార్లమెంటు ఎన్నికల బ్యాలెట్ పేపర్ నమూనా. ఎడమవైపు పార్టీల పేర్లు ఉంటాయి, కుడివైపు మన నియోజకవర్గంలో నిలబడ్డ అభ్యర్థుల పేర్లు. ఒక్క మనిషికి రెండు ఓట్లు. 2017, 2020, 2023, ఈ మూడు ఎన్నికల్లో నేను ఇలాంటి కాగితం మీదే టిక్కు పెట్టాను. ఈ పద్ధతి పేరు ఎంఎంపీ, అంటే మిక్స్‌డ్ మెంబర్ ప్రపోర్షనల్. ఈ రోజు రివ్యూ దాని మీదే.

దీని గురించి నాకెందుకు ఇంత పట్టింపో ముందు చెప్తాను. నా మొదటి ఓటు 2009లో, గుంటూరు జిల్లాలో మా ఊరి బడిలో వేశాను. ఆ ఏడు కొత్తగా వచ్చిన మూడో పార్టీకి వెయ్యాలని నాకు గట్టిగా ఉండేది. బయల్దేరే ముందు నాన్న పిలిచి, "గెలిచేవాళ్లలో కాస్త నయమైనోడికి వెయ్యమ్మా. మూడోవాడికేస్తే ఓటు మురిగిపోద్ది" అన్నారు. నాన్న మాటే విన్నాను. తర్వాత లెక్క చూస్తే, ఉమ్మడి రాష్ట్రంలో ప్రజారాజ్యానికి 16 శాతం దాకా ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం 294లో 18. ఆ లెక్కింపు పద్ధతిలో నాన్న చెప్పిందే తెలివైన సలహా. నన్ను బాధపెట్టింది కూడా అదే. నచ్చినవాళ్లకు ఓటెయ్యడం తెలివితక్కువ పని ఎందుకు కావాలి?

ఇక్కడికొచ్చాక, 2017లో ఒక పెద్ద పార్టీ అభ్యర్థి మా నియోజకవర్గానికి బాగా పనిచేస్తారనిపించి, కుడివైపు ఆ పేరు పక్కన టిక్కు పెట్టాను. ఎడమవైపు మాత్రం నాకు నచ్చిన ఒక చిన్న పార్టీకి వేశాను. పెన్ను పెట్టేసి బయటికొస్తుంటే ఒక్క క్షణం కూడా టెన్షన్ పడలేదు. ఓట్లు చీలతాయేమో, నా వల్ల ఇంకెవరో గెలుస్తారేమో అన్న లెక్కలేవీ బుర్రలో తిరగలేదు. ముప్పై ఏళ్లు దాటిన మనిషికి ఓటేసిన రోజు అంత తేలిగ్గా అనిపించడం అదే మొదటిసారి.

ఇది ఎలా పనిచేస్తుందో చెప్తాను. సభలో మామూలుగా 120 సీట్లు. 2020, 2023 ఎన్నికల్లో వాటిలో 72 నియోజకవర్గాలు, అందులో 7 ఇక్కడి మూలవాసులైన మావోరీలవి. అక్కడ మన పద్ధతే, ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్లే గెలుస్తారు. మిగతా 48 మంది పార్టీలు ముందే ప్రకటించిన జాబితాల నుంచి వస్తారు. అసలు కీలకం ఎడమవైపు టిక్కు. ఒక పార్టీకి మొత్తం ఎన్ని సీట్లన్నది ఆ పార్టీ ఓటే తేలుస్తుంది. ఉదాహరణకు ఒక పార్టీకి 10 శాతం పార్టీ ఓట్లు వచ్చాయనుకుందాం. దానికి దాదాపు 12 సీట్లు రావాలి. నియోజకవర్గాల్లో రెండే గెలిస్తే, మిగతా పది జాబితా నుంచి నింపుతారు. ఒక్క నియోజకవర్గం కూడా గెలవకపోతే పన్నెండూ జాబితా నుంచే.

2023 ఫలితం చూడండి. నేషనల్ పార్టీకి 38 శాతం ఓట్లు, 48 సీట్లు. లేబర్‌కి 27 శాతం, 34. గ్రీన్ పార్టీకి 11.6 శాతం, 15. యాక్ట్‌కి 8.6 శాతం, 11. న్యూజీలాండ్ ఫస్ట్‌కి 6 శాతం, 8. మావోరీ పార్టీ 3 శాతం ఓట్లతోనే నేరుగా 6 నియోజకవర్గాలు గెలిచింది. వాటా కంటే ఎక్కువ గెలిచారు కాబట్టి సభలో సీట్లే కొంచెం పెరిగాయి. ఇప్పుడు పక్కన ఆంధ్రప్రదేశ్ పెట్టి చూడండి. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో వైసీపీకి కూడా 39 శాతమే, సీట్లు 11. మీరు ఏ పార్టీ అభిమానులైనా సరే, ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి ఆలోచించండి. ప్రతి పది మందిలో నలుగురు వేసిన ఓటు అది.

అసలు ఈ మార్పు ఎలా వచ్చిందన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. న్యూజీలాండ్‌లో కూడా ముందు మనలాంటి బ్రిటిష్ పద్ధతే ఉండేది. నేషనల్, లేబర్, ఈ రెండే. 1978లో లేబర్‌కి నేషనల్ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి, ప్రభుత్వం మాత్రం నేషనల్‌ది. 1981లోనూ అంతే. అదే ఎన్నికల్లో సోషల్ క్రెడిట్ అనే మూడో పార్టీకి దాదాపు 21 శాతం ఓట్లు వస్తే, 92 సీట్లలో దక్కింది రెండు.

రెండుసార్లు దెబ్బతిన్న లేబర్ 1984లో అధికారంలోకి వచ్చాక ఎన్నికల పద్ధతిని పరిశీలించడానికి రాయల్ కమిషన్ అనే స్వతంత్ర సంఘాన్ని వేసింది. 1986లో ఆ కమిషన్ ఎంఎంపీకి మారమని సిఫారసు చేసింది. దాంతో పార్టీ పెద్దలు ఇబ్బందిలో పడ్డారు, ఎందుకంటే మారితే తామే నష్టపోతారు. 1987 ఎన్నికల ముందు టీవీ చర్చలో ప్రధాని డేవిడ్ లాంగే ఈ విషయం మీద రెఫరెండం, అంటే జనమే నేరుగా ఓటేసి తేల్చే ఎన్నిక పెడతామని అనేశారు. పార్టీ ఇవ్వాలనుకున్న హామీ అది కాదు. గెలిచారు, రెఫరెండం పెట్టలేదు. నేషనల్ ఆ మాటను పట్టుకుని 1990లో తానూ రెఫరెండం హామీ ఇచ్చింది.

ఈలోగా జనం కోపం పెరిగిపోయింది. లేబర్ ఎన్నికల్లో చెప్పని ఆర్థిక మార్పులు చేసి ప్రభుత్వ సంస్థలు అమ్మింది. దాన్ని దించి నేషనల్‌ని తెస్తే, వాళ్లు 1991లో పేదలకిచ్చే భత్యాలు కోసేశారు. అటు తిరిగినా ఇటు తిరిగినా దెబ్బ తప్పలేదు. 1992లో మొదటి రెఫరెండం పెడితే, ఓటేసినవాళ్లలో దాదాపు 85 శాతం పాత పద్ధతి వద్దన్నారు. 1993లో రెండోది, తుది రెఫరెండం. మార్పు వద్దంటూ వ్యాపారవేత్త పీటర్ షర్ట్‌క్లిఫ్ ముందుండి నడిపిన ప్రచారం టీవీ నిండా ప్రకటనలు గుప్పించింది. మార్పు కావాలన్నవాళ్లు ఎక్కువగా డబ్బులేని స్వచ్ఛంద కార్యకర్తలు. చివరికి 54 శాతంతో ఎంఎంపీ గెలిచింది. అదే రోజు జరిగిన సాధారణ ఎన్నికల్లో నేషనల్ 35 శాతం ఓట్లతో 99లో 50 సీట్లు తీసుకుంది, అలయన్స్ అనే మూడో కూటమికి 18 శాతానికి రెండు సీట్లొచ్చాయి. పాత పద్ధతి ఎంత అన్యాయమో అది పోయిన రోజే మరోసారి తేలింది.

ఇప్పుడు లోపాలు. దాచకుండా చెప్తాను.

1996లో మొదటి ఎంఎంపీ ఎన్నికలు జరిగాక, ప్రభుత్వం ఏర్పడటానికి దాదాపు రెండు నెలలు పట్టింది. న్యూజీలాండ్ ఫస్ట్ నాయకుడు విన్‌స్టన్ పీటర్స్ రెండు వైపులా బేరాలాడారు. దేశమంతా ఎదురుచూసింది. చివరికి నేషనల్‌తో కలిశారు, 1998కల్లా ఆ పొత్తు విరిగింది. అప్పుడు పార్టీలు మారిన ఎంపీలను ఇక్కడివాళ్లు వాకా జంపింగ్ అన్నారు. వాకా అంటే మావోరీ భాషలో పడవ. మనం గోడ దూకడం అంటాం, వీళ్లు పడవ దూకడం అంటారు.

2017లోనూ పీటర్సే. నేషనల్‌కి అందరికంటే ఎక్కువగా 56 సీట్లొచ్చినా, ఆయన 7 శాతం ఓట్ల పార్టీ లేబర్ వైపు వెళ్లింది. జెసిండా ఆర్డెర్న్ ప్రధాని అయ్యారు. ఆ వారం నా సహోద్యోగులు చాలామంది కోపంగా ఉన్నారు, "ఏడు శాతం వాళ్లు దేశాన్ని నిర్ణయిస్తారా?" అని. నాకూ మొదట అలాగే అనిపించింది. తర్వాత కూడిక వేసి చూశాను. లేబర్, గ్రీన్, న్యూజీలాండ్ ఫస్ట్ మూడింటి ఓట్లు కలిపితే 50 శాతం దాటాయి. సగం మందికి పైగా ఓటేసిన పార్టీలే ప్రభుత్వంలోనో, దానికి మద్దతుగానో ఉన్నాయి. 2020లో అదే ఓటర్లు పీటర్స్ పార్టీని 2.6 శాతానికి దించి సభ బయట కూర్చోబెట్టారు. 2023లో మళ్లీ రానిచ్చారు. కింగ్‌మేకర్‌కి కూడా మూడేళ్లకోసారి పరీక్ష తప్పదు.

నేను నిజంగా మార్కులు తగ్గించేది 5 శాతం గీత దగ్గర. పార్టీ ఓట్లలో 5 శాతం దాటాలి, లేదా ఒక్క నియోజకవర్గమైనా గెలవాలి, లేకపోతే సున్నా. 2008లో న్యూజీలాండ్ ఫస్ట్‌కి 4 శాతం పైన వచ్చినా ఒక్క సీటూ రాలేదు. అంతకంటే తక్కువ, 3.65 శాతం వచ్చిన యాక్ట్ పార్టీకి 5 సీట్లు. కారణం, ఆక్లాండ్‌లోని ఎప్సమ్ నియోజకవర్గం వాళ్లు గెలిచారు. ఎక్కువ ఓట్లకు సున్నా, తక్కువ ఓట్లకు ఐదు. ఏ అన్యాయం పోవాలని ఈ పద్ధతి తెచ్చారో, అదే వెనక తలుపు నుంచి వచ్చి కూర్చుంది. గీతను 4 శాతానికి దించి, ఒక్క సీటు మినహాయింపు తీసెయ్యమని 2012లోనే ఎన్నికల కమిషన్ చెప్పింది. 2023లో స్వతంత్ర సమీక్ష 3.5 శాతం చాలంది. నేను ఆ 3.5 వైపే.

జాబితా ఎంపీల మీద కూడా విమర్శ ఉంది. నియోజకవర్గంలో ఓడినవాళ్లు జాబితా నుంచి సభకు వస్తారని. ఆ మాట నిజమే. కానీ భారతీయులు సభలోకి రావడానికి దారి తెరిచింది కూడా ఆ జాబితాయే. కన్వల్‌జీత్ సింగ్ బక్షి 2008లో నేషనల్ జాబితా నుంచి వచ్చారు. ప్రియాంక రాధాకృష్ణన్ 2017లో లేబర్ జాబితా నుంచి వచ్చి, 2020లో భారత సంతతి నుంచి తొలి మంత్రి అయ్యారు. చెల్లాచెదురుగా ఉండే మనలాంటివాళ్లకు ఏ ఒక్క నియోజకవర్గంలోనూ సొంత బలం ఉండదు కదా.

అమెరికాలో ఉన్న మనవాళ్లు "మా దగ్గర మూడో పార్టీ ఎందుకు నిలబడదు?" అని నన్ను తరచుగా అడుగుతుంటారు. 1992 అధ్యక్ష ఎన్నికల్లో రెండు పెద్ద పార్టీలకూ బయట నిలబడ్డ రాస్ పెరో దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నారు, కానీ అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు. మెయిన్, అలాస్కా రాష్ట్రాలు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులిచ్చే పద్ధతి తెచ్చుకున్నాయి. మొదటి ర్యాంకు ఇచ్చినవాళ్లు వెనకబడిపోతే ఓటు రెండో ర్యాంకు వాళ్లకు వెళ్తుంది కాబట్టి, ఓటు మురిగిపోతుందన్న భయం దానివల్ల బాగా తగ్గుతుంది, మంచి మార్పే. 2024లో అలాస్కా దాన్ని వెయ్యి ఓట్ల లోపు తేడాతో నిలుపుకుంది. అదే రోజు కొలరాడో, ఒరెగాన్, నెవాడా, ఐడహో ఓటర్లు మాత్రం వద్దన్నారు. కానీ ర్యాంకులిచ్చినా సీటు ఒక్కటే, గెలిచేది ఒక్కరే. ప్రతినిధుల సభకు ఒక్కో నియోజకవర్గం నుంచి ఒక్కరే ఉండాలని 1967 నాటి చట్టం ఉంది. అది మారనంతకాలం 435 సీట్లలో మూడో పార్టీకి చోటు దొరకడం కష్టమని నా అభిప్రాయం.

నా రేటింగ్ 5కి 4. ఆ ఒక్క మార్కు 5 శాతం గీత దగ్గరే పోయింది. వాడి చూసిన జనం కూడా 2011లో మళ్లీ రెఫరెండం పెడితే దాదాపు 58 శాతం ఇదే ఉంచమన్నారు.

న్యూజీలాండ్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. ఇక్కడ ఓటెయ్యడానికి పౌరసత్వం అక్కర్లేదు. రెసిడెంట్ వీసా ఉండి, 18 ఏళ్లు నిండి, దేశంలో వరుసగా ఒక ఏడాది ఉంటే చాలు. పోటీ చెయ్యాలంటేనే పౌరసత్వం కావాలి. చాలామందికి ఈ సంగతి తెలియక ఊరుకుంటున్నారు. 2026 ఎన్నికల సంవత్సరం కాబట్టి ఇప్పుడే పేరు నమోదు చేసుకోండి, చివరిదాకా ఆగొద్దు. బూత్‌లో కాగితం చేతికొచ్చాక ముందు ఎడమవైపు చూడండి. అక్కడ మీకు నచ్చిన పార్టీకే వెయ్యండి.