పది–పది మ్యాచ్

శ్రోతలకు నమస్కారం. అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అనేది మనకు తెలిసిన ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకన ఇరికించుకుని పరుగెత్తే ఆట. అక్కడ యూనివర్సిటీల పెద్ద జట్లే వందకు పైగా ఉన్నాయి. సీజన్ మొత్తంలో ఒక్కో జట్టు ఆడేది పదీ పన్నెండు మ్యాచ్‌లు. అందరితో అందరూ ఆడటం కుదరని పని. మరి ఎవరు ఫస్టు? చాలా ఏళ్లపాటు ఆ సంగతి ఓటు వేసి తేల్చారు. ఓటు వేసింది పత్రికల క్రీడా విలేకరులు!

1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఈ పోల్ నడుపుతోంది. ఇప్పటి పద్ధతిలో ఒక్కో విలేకరి వారం వారం 25 జట్లను వరసగా రాసి పంపుతారు. మొదటి జట్టుకు 25 పాయింట్లు, రెండోదానికి 24, అలా చివరిదానికి 1. అన్నీ కూడితే ర్యాంకు.

నాకు బాగా ఇష్టమైన కథ 1966 నాటిది. నవంబర్ 19, ఈస్ట్ లాన్సింగ్ ఊరు. మొదటి ర్యాంకు నోటర్ డేమ్‌కూ, రెండో ర్యాంకు మిషిగన్ స్టేట్‌కూ మ్యాచ్. ఇద్దరికీ అప్పటిదాకా ఓటమి లేదు. మిషిగన్ స్టేట్ ముందే పది పాయింట్లు కొట్టేసింది. నోటర్ డేమ్‌కి బంతి విసిరే కీలక ఆటగాడు దెబ్బ తగిలి బయటికెళ్లాడు. అయినా పుంజుకున్నారు. పది–పది. ఇంకా నిమిషం పైచిలుకు ఉంది, బంతి నోటర్ డేమ్ చేతిలోనే ఉంది. గెలవడానికి తెగించాలి కదా? కోచ్ ఆరా పార్సేగియన్ తెగించలేదు. పొడవుగా విసిరితే బంతి అవతలివాళ్ల చేతిలో పడొచ్చు. అందుకని కొంచెం కొంచెం పరుగులతోనే టైం గడిపించాడు. జనం గోల. మ్యాచ్ డ్రా!

వారం తర్వాత నోటర్ డేమ్ సదరన్ కాలిఫోర్నియాను 51–0తో చితక్కొట్టింది. ఓట్లు లెక్కపెడితే నోటర్ డేమ్ ఫస్టు, మిషిగన్ స్టేట్ సెకండు. మూడోది? అలబామా. ఒక్కటీ ఓడలేదు, ఒక్కటీ డ్రా కాలేదు, అయినా మూడో స్థానం! వాళ్ల ప్రత్యర్థులు బలహీనులని కొందరన్నారు. ఆ జట్టులో నల్లజాతి ఆటగాళ్లు లేకపోవడమే ఓట్లు తగ్గించిందని మరికొందరు. నాకైతే డ్రా కోసం ఆడినవాళ్లకు పెద్దపీట వెయ్యడం మింగుడుపడదు.

అలబామా మీద మరీ జాలి పడనక్కర్లేదు లెండి. 1964 సీజన్‌లో ఆఖరి ఓటు అయిపోయి ఫస్టు అనిపించుకున్నాక, ఆరెంజ్ బౌల్ అనే సీజన్ చివరి ప్రత్యేక మ్యాచ్‌లో టెక్సస్ చేతిలో 21–17తో ఓడిపోయింది. ఓటు మాత్రం ఓటే. 1968 సీజన్ నుంచి ఇలాంటి బౌల్ మ్యాచ్‌లు అయ్యాకే ఆఖరి ఓటు.

ఇప్పుడు ఛాంపియన్‌ని ప్లేఆఫ్ మ్యాచ్‌లు తేలుస్తున్నాయి. పోల్ మాత్రం ఆగలేదు. అక్కడ చదువుకుంటున్న మీవాళ్లెవరైనా ఫోన్ చేసి మా కాలేజీ పన్నెండో ర్యాంకు అంటే, సంతోషమే. కానీ ఎన్ని పాయింట్లు, పదమూడోదానికి ఎన్ని అని అడగండి. తేడా రెండే ఉందనుకోండి, ఒక్క విలేకరి తన కాగితం మీద పక్కపక్కనే ఉన్న ఆ రెండు పేర్లూ అటూ ఇటూ చేస్తే చాలు, రెండూ సమానం.