రెయిడ్ ఉన్నా డేటా ఎందుకు పోతుంది?

తెరపై: ఒకే ఒక్క సంఖ్య, 32,768.

2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ సంస్థ ఒక హెచ్చరిక విడుదల చేసింది. తమ సర్వర్లలో వాడే కొన్ని రకాల ఎస్ఎస్‌డీలు (చిప్‌లలో డేటా దాచే డిస్కులు) 32,768 గంటలు నడవగానే ఆగిపోతాయనీ, వాటిలోని డేటా తిరిగి రాదనీ, వెంటనే ఫర్మ్‌వేర్ (డిస్కును లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) మార్చుకోమనీ దాని సారాంశం. అన్ని గంటలంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు.

రెయిడ్ అంటే డేటాను ఒకటికి మించిన డిస్కులపై ఉంచి, ఒకటి పాడైనా పని సాగేలా చేసే పద్ధతి. ఒక డిస్కు పోయినా మరొకటి ఉందిలే అని ధీమాగా ఉండేవారు దీని గురించి ఆలోచించాలి. సర్వర్‌లో డిస్కులన్నీ సాధారణంగా ఒకేసారి బిగిస్తాం, ఒకే రోజు ఆన్ చేస్తాం. వాటి గంటలూ ఒకేసారి నిండుతాయి.

తెరపై: పక్కపక్కనే రెండు డిస్కులు. ఒకదానిలో రాసింది రెండో దానిలోనూ కనిపిస్తుంది.

రెయిడ్ పద్ధతిని 1988లో బర్క్‌లీ పరిశోధకులు డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పత్రంలో వివరించారు. ఇందులో రకాలున్నాయి. రెయిడ్ 1లో ప్రతి అక్షరం రెండు డిస్కుల్లో పడుతుంది. రెయిడ్ 5 ఒక డిస్కు నష్టాన్ని తట్టుకుంటుంది, రెయిడ్ 6 రెండింటిని. పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టినప్పుడు మిగిలినవాటిని మొదటి నుంచి చివరి దాకా చదివి డేటాను తిరిగి నింపాలి. డిస్కులు పెద్దవైతే దీనికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. వయసైపోయిన రెండో డిస్కు ఆ ఒత్తిడికి చేతులెత్తేసే అవకాశం అప్పుడే ఎక్కువ. అందుకే పెద్ద డిస్కులకు రెయిడ్ 5 వద్దంటాను.

ఇంతా చేసి రెయిడ్ కాపాడేది పని ఆగకుండా మాత్రమే. పొరపాటున ఒక ఫైలు చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. డబ్బు గుంజడానికి ఫైళ్లను బంధించే ర్యాన్సమ్‌వేర్ తాళం వేసినా అంతే.

తెరపై: సర్వర్ ముందు భాగం, ఒక డిస్కు దగ్గర నారింజ రంగు దీపం.

ఈ దీపాన్ని దయచేసి చూడండి. మొదటి డిస్కు పాడైన సంగతి ఎవరూ గమనించకుండా నెలలు గడవడం, తర్వాత రెండోది పోవడం తరచూ జరిగే విషాదం. హెచ్చరికలు ఎవరో ఒకరి ఫోనుకు చేరేలా పెట్టండి. రెండు పవర్ సప్లైలు ఉంటే రెండింటినీ ఒకే యూపీఎస్‌కు తగిలించకండి. తప్పులు దిద్దుకునే ఈసీసీ మెమరీ తీసుకోండి.

తెరపై: మూడు నకళ్లు. ఒకటి మిగతా రెండింటికీ దూరంగా.

ఇక బ్యాకప్. డేటాకు మూడు నకళ్లు, రెండు రకాల నిల్వ సాధనాల్లో, ఒకటి వేరే చోట. ఈ చివరి షరతు ఎంత ముఖ్యమో 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో తెలిసింది. సర్వర్లు అద్దెకిచ్చే ఓవీహెచ్‌క్లౌడ్ సంస్థ డేటా సెంటర్‌లో మంటలు చెలరేగి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్‌లను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న కొందరు ఖాతాదారులకు ఏమీ మిగల్లేదు. వేరే చోట ఉన్న నకలును కూడా సర్వర్ పాస్‌వర్డ్‌తోనే చెరపగలిగితే, దాడి చేసినవాడు ముందు దాన్నే చెరుపుతాడు. కొంతకాలం పాటు ఎవరూ మార్చలేని విధంగా దాన్ని భద్రపరచండి.

అయినా నా అసలు ఆందోళన వేరు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తొలగించారు. బ్యాకప్ కోసం వెళ్తే అది ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. డేటాబేస్ ఒక వెర్షన్, నకలు తీసే సాధనం మరో వెర్షన్ కావడంతో ఆ పని విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లూ ఎవరికీ చేరలేదు. దాదాపు ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసిన ఒక నకలు ఉండబట్టి గట్టెక్కారు.

కాబట్టి బ్యాకప్ తీశాం అనే మాటను తిరిగి తెరిచి చూసేదాకా నమ్మకండి. ఒక ఖాళీ యంత్రం తీసుకోండి. ఆ సర్వర్‌ను అమర్చని వ్యక్తిని కూర్చోబెట్టి, రాతలో ఉన్న సూచనలతోనే పునరుద్ధరించమనండి. గడియారం చూసుకోండి. అప్లికేషన్ తెరిచి, అందులోని ఆఖరి లావాదేవీ ఏ రోజుదో చూడండి. పట్టిన సమయాన్ని బట్టి వ్యాపారం ఎంతసేపు ఆగుతుందో తెలుస్తుంది. ఆఖరి లావాదేవీ తేదీని బట్టి ఎంత పని మళ్లీ చేయాలో తెలుస్తుంది. ఈ రెండు అంకెలనూ యజమాని ముందు పెట్టండి. అంతసేపు ఆగలేమంటే సిద్ధంగా ఉండే రెండో సర్వర్ కావాలి, అంత పని పోగొట్టుకోలేమంటే బ్యాకప్ ఇంకా తరచుగా తీయాలి.