ముక్క మానేస్తే ఎండ తగ్గుతుందా?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ భోజనాలకు గంట ముందు, మాంసం గురించి మాట్లాడమని నన్ను పిలిచినవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. వెనక వంటల దగ్గర్నుంచి మసాలా వాసన ఇక్కడిదాకా వస్తోంది. త్వరగా ముగిస్తే బాగుండునని మీరు అనుకుంటున్నారనీ తెలుసు.

నేను ముప్పై ఏళ్లకు పైగా పశువుల డాక్టరుగా పనిచేశాను, ఎక్కువ కాలం గోదావరి జిల్లాల్లోనే. ఈమధ్య మా మనవరాలు ఫోన్ చేసి, "తాతయ్యా, మాంసం తింటే భూమి వేడెక్కుతుందట. నేను మానేశాను" అంది. "మరి పాలో?" అన్నాను. "పాలు వెజ్జే కదా" అంది. ఈ ప్రసంగం ఆ మాట దగ్గరే పుట్టింది.

మన దేశంలో మాంసం మాట ఎత్తగానే కులం, మతం, రాజకీయం అన్నీ వచ్చి చాపేసుకుని కూర్చుంటాయి. నేను ఆ తగవులోకి వెళ్లను. నాకు కావలసింది ఆవు పొట్ట. వాతావరణం కథలో మాంసం పాత్ర ఎంతో తెలియాలంటే ముందు ఆ పొట్ట తెలియాలి.

నెమరు వేసే పశువుకి పొట్టలో నాలుగు గదులు. మొదటిది అన్నిటికంటే పెద్దది, మా పుస్తకాల్లో రూమెన్ అంటారు. పెద్ద పశువుకి అది వంద లీటర్ల డ్రమ్ము అనుకోండి. అందులో కంటికి కనపడని జీవులు కోటానుకోట్లు. వరిగడ్డి మనం తింటే అరగదు. వాటికి అరుగుతుంది. గడ్డిని అవి పులియబెట్టి పశువుకి శక్తినిస్తాయి. ఆ పులియడంలో హైడ్రోజన్ పుడుతుంది. దాన్ని ఇంకో రకం జీవులు కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మార్చేస్తాయి. అది నోటి గుండా త్రేన్పుగా బయటికొస్తుంది. చాలామంది వెనకనుంచి వస్తుందనుకుని నవ్వుకుంటారు. కాదు, 90 శాతం పైగా నోట్లోంచే.

ఒక రాత్రి లేత పచ్చిమేత అతిగా మేసి పొట్ట ఉబ్బిపోయిన గేదెకి ఎడమ డొక్కలో గొట్టం దించాల్సి వచ్చింది. గాలి బుస్సుమని తన్నుకొచ్చింది. చుట్టూ మూగిన జనంలో ఒకాయన బీడీ వెలిగించబోతుంటే అరిచినంత పనిచేశాను. ఆ గాలికి నిప్పంటుకుంటుంది మరి. అప్పట్లో ఆయన చెయ్యి కాలుతుందేమోనని నా భయం. అదే గాలి పైకి పోయి ఏం చేస్తుందన్న ఆలోచన నాకు అప్పుడు లేదు.

చేసేది ఇదీ: భూమి వేడిని పైకి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే కిలో మీథేన్ దాదాపు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్ పెట్టు. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే 80 కిలోల పెట్టు. కానీ కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు గాలిలో ఉండిపోతే, మీథేన్ సుమారు 12 ఏళ్లకే విడిపోతుంది. అంటే ఈరోజు మీథేన్ తగ్గిస్తే ఫలితం మన కళ్లముందే కనిపిస్తుంది. 2021లో గ్లాస్గోలో వందకు పైగా దేశాలు కూర్చుని, 2030 కల్లా మీథేన్‌ని 30 శాతం తగ్గిద్దామని ఒప్పందం మొదలుపెట్టింది అందుకే. మనదేశం దానిలో చేరలేదు. ఎందుకు చేరలేదో చివర్లో మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు కోడి సంగతి. కోడికి రూమెన్ లేదు. పందికీ లేదు. మేకకీ గొర్రెకీ ఉంది. కాబట్టి 'మాంసం' అని ఒకే గంపలో వేయడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లో 38 వేలకు పైగా పొలాల లెక్కలు పోగేసి 2018లో ప్రచురించారు. ఆ సగటుల్ని నేను పెట్రోల్లోకి మార్చి చెప్తాను. లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మాంసం కోసమే పెంచిన పశువు మాంసం కిలో తింటే దాదాపు 43 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. మటన్ కిలోకి 17 లీటర్లు. కోడికి నాలుగు లీటర్లు దాటుతుంది. గుడ్లు కిలోకి రెండు. పప్పు కిలోకి ఒక లీటరు కూడా కాదు. ఇవి ప్రపంచ సగటులు, మన ఊరి మేకని తూచినవి కావు. అయినా కోడికీ పశుమాంసానికీ ఉన్న పది రెట్ల తేడా ఊరు మారితే మాయమయ్యేది కాదు.

మనుషుల వల్ల గాలిలో చేరి భూమిని వేడెక్కించే వాయువుల్లో, మొత్తం మీద పశుపోషణ వాటా ఎంత? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2006లో 18 శాతం అంది, 2013లో 14.5 అంది, 2023లో 12 అంది. పశువులు తగ్గి కాదు, లెక్కగట్టే పద్ధతులు మారి. ఎలా చూసినా బొగ్గు, పెట్రోలు, గ్యాస్ తర్వాతి వరసలోనే ఇది. ముక్క మానేసినంత మాత్రాన ఎండ తగ్గదు. కానీ ఎనిమిదిలో ఒక వంతు అంటే వదిలేసే లెక్కా కాదు.

ఆ వాటాలో ఎక్కువ భాగం ఎవరి కంచాల్లోంచి వస్తోందో చూడాలి. అమెరికాలో మనిషి ఏడాదికి సుమారు 26 కిలోల బీఫ్ తింటాడు. కోడీ పందీ దీనికి అదనం. మనదేశంలో అన్ని రకాల మాంసం ఉత్పత్తీ కలిపి తలకి ఏడు కిలోలే, అందులోనూ సగం కోడే. బ్రెజిల్లో అమెజాన్ అడవి నరికిన నేలలో అధిక భాగం పశువుల మేత బీడుగా మారింది. ప్రపంచంలో పండే సోయాలో మూడొంతులకు పైగా మనుషుల నోటికి కాదు, కోళ్ల, పందుల, పశువుల దాణాకి పోతుంది. భూమ్మీద సాగు భూమి, మేత భూమి కలిపి మూడొంతులకు పైగా పశువుల కోసమే వాడుతూ, దాన్నుంచి మనకొచ్చే కేలరీలు ఐదో వంతు కూడా లేవు. అలాంటి దేశాల్లో మాంసం, ముఖ్యంగా పశుమాంసం, సగానికి తగ్గిస్తే నిజంగానే మేలు. అందులో నాకు సందేహం లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు వారానికి నాలుగుసార్లు బర్గర్ తింటుంటే, ఈ మాట వాళ్లకి చెప్పాలి. డెన్మార్క్ అయితే 2030 నుంచి పశువుల వాయువుల మీద పన్నే వేస్తానంది. న్యూజిలాండ్ కూడా వేస్తానని, రైతులు ట్రాక్టర్లెక్కి రోడ్డుమీదికొచ్చేసరికి వెనక్కి తగ్గింది.

ఇక మన ఇంటికొద్దాం. 2014 నాటి ప్రభుత్వ నమూనా సర్వేలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింట్లోనూ 98 శాతం మంది మాంసాహారులే. ముక్క లేనిదే ముద్ద దిగదని మన గురించి మనమే చెప్పుకుంటాం. నలుగురున్న ఒక ఇల్లు తీసుకోండి. వారానికి అర కిలో చికెన్, నెలకి కిలో మటన్, రోజుకి లీటరు పాలు, నెలకి 25 కిలోల బియ్యం బస్తా. ఇందాకటి పరిశోధకుల సగటులతోనే ఏడాది లెక్క వేస్తే చికెన్‌కి సుమారు 260 కిలోల కార్బన్ డయాక్సైడ్ పెట్టు వస్తుంది. మటన్‌కి 480. పాలకి దాదాపు 1,170. బియ్యానికి 1,350.

మళ్లీ చెప్తాను. బియ్యం 1,350, చికెన్ 260.

ఈ లెక్క వేసినరోజు నేను కాగితం తిరగేసి మళ్లీ వేశాను. బియ్యం ఎందుకంత? నీళ్లు నిలవగట్టిన మడిలో అడుగుమట్టికి గాలి ఆడదు. ఆవు పొట్టలో ఉండే జీవుల దాయాదులే అక్కడా ఉంటాయి, అదే మీథేన్ చేస్తాయి. దాళ్వాలో గోదావరి డెల్టా అంతా ఒకేసారి నీళ్లలో ఉన్నప్పుడు విమానంలోంచి చూస్తే అద్దం పరిచినట్టుంటుంది. నా కళ్లకి ఇప్పుడది పెద్ద రూమెన్‌లా కనిపిస్తుంది.

పాల సంగతి మా మనవరాలికి చెప్పడం కొంచెం కష్టమైంది. కిలో పనీర్ కావాలంటే ఐదు లీటర్ల గేదెపాలు విరగ్గొట్టాలి. అంటే 16 కిలోల కార్బన్ డయాక్సైడ్ పెట్టు. కోడికి పది. పెళ్లిలో పనీర్ కూర వేయించుకున్నాయన పక్క విస్తట్లో చికెన్ చూసి భూమి పాడైపోతోందని బాధపడితే, ఆ బాధ విస్తరి తప్పింది.

ఇంకొకటి, ఎవరూ గట్టిగా మాట్లాడనిది. మనం ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పాలు తీసేవాళ్లం. 2019 లెక్కల్లో మనకి 19 కోట్ల ఆవులూ ఎద్దులూ, 11 కోట్ల గేదెలూ ఉన్నాయి. గేదె ఈనితేనే పాలు. పుట్టినవాటిలో సగం దున్నదూడలు. ట్రాక్టర్లొచ్చాక వాటితో పనిలేదు. పాలు తాగనివ్వక, మేత పెట్టక చాలా దూడలు పోవడం నేను కళ్లారా చూశాను. మిగిలినవి, వట్టిపోయిన గేదెలు సంతకెళ్తాయి. ప్రపంచానికి గేదె మాంసం ఎగుమతి చేసే దేశాల్లో మనదే అగ్రస్థానం. ఆ మాంసం మన పాలగ్లాసుకి తోబుట్టువు. మాంసం మానేసి పాలు పెంచితే ఆ పశువులు ఎక్కడికీ పోవు.

అలాగని పాలు మానేయమంటానా? అననే అనను. మన రాష్ట్రాలు రెండింట్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తం తక్కువ. అంగన్‌వాడీలో ఆ పిల్లకి దొరికే గుడ్డుని వాతావరణం పేరు చెప్పి తీసేస్తానంటే నేను ఊరుకోను. హైదరాబాద్ నుంచి డల్లాస్ వెళ్లొస్తే ఒక్క సీటుకి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్. 200 కిలోల చికెన్‌కి సరి. వారానికి అర కిలో చొప్పున ఒక ఇల్లంతా ఏడున్నరేళ్లు తినొచ్చు. విమానం దిగి వచ్చినవాళ్లు కూలికెళ్లే ఇంట్లో కోడికూర మీద ఉపన్యాసం ఇస్తే నాకు ఒళ్లు మండుతుంది. క్షమించాలి, కొంచెం గొంతు పెరిగింది.

తగ్గించగలవాళ్లు తగ్గించాల్సింది మటన్. పెళ్లిళ్లలో ఒకే విస్తట్లో మటన్ బిర్యానీ, మటన్ వేపుడు, పాయా, తలకాయకూర పెట్టి సగం పారేయడం మానేస్తే చాలా వరకు పనైపోతుంది. పారేసిన ముక్కకీ త్రేన్పు ఖర్చు అంతే. ఆ చోటులో కందిపప్పు, సెనగలు, అలసందలు రావాలి. పప్పుజాతి మొక్క గాలిలోని నత్రజనిని వేళ్లలో దాచుకుంటుంది, యూరియా బస్తా ఖర్చు తగ్గుతుంది. పప్పన్నం మన తిండే, ఎవరో వచ్చి నేర్పక్కర్లేదు.

కానీ నన్నడిగితే మన దగ్గర అసలు పని కంచంలో కంటే కొట్టంలోనూ మడిలోనూ ఉంది. రోజుకి రెండు లీటర్లిచ్చే పశువైనా ఎనిమిది లీటర్లిచ్చే పశువైనా బతకడానికి తినే మేత దాదాపు ఒకటే. కాబట్టి లీటరుకి చూస్తే తక్కువ పాలిచ్చేదే ఎక్కువ త్రేన్చినట్టు లెక్క. ఉత్త వరిగడ్డి బదులు పచ్చిమేత, కాస్త చెక్క, ఖనిజ లవణాలు పెడితే పాలు పెరుగుతాయి, లీటరుకి మీథేన్ తగ్గుతుంది. బెంగళూరులోని జాతీయ పశు పోషకాహార, శరీరధర్మ శాస్త్ర సంస్థ 'హరిత్ ధార' అని ఒక దాణా మిశ్రమం తయారుచేసింది. వగరు పదార్థాలున్న మొక్కలతో చేసింది. మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని వాళ్ల లెక్క. రైతుకి చెప్పాల్సింది మాత్రం మీథేన్ గురించి కాదు. త్రేన్పుగా పోయే గాలి ఆయన కొనిపెట్టిన మేతే. మేత దండగవుతోందంటే వింటాడు.

గ్లాస్గో సంతకం సంగతి చెప్తానన్నాను కదా. మన మీథేన్‌లో పెద్ద భాగం ఒకటి రెండు గేదెలున్న ఇంటిదీ, రెండెకరాల వరి రైతుదీ. వాళ్ల మీద షరతులు పడతాయన్నది మన ప్రభుత్వం భయం. ఆ భయం సబబే అనుకుంటాను. దాని చాటున చేతులు ముడుచుకోవడం మాత్రం సబబు కాదు.

వరికి మందు ఉంది. ఆరుతడి. మడిలో చిల్లులు పెట్టిన గొట్టం ఒకటి పాతి, నీరు నేలకి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి ఇవ్వడం. పూత సమయంలో మాత్రం నీరు ఉంచాలి. మీథేన్ మూడో వంతు, కొన్నిచోట్ల సగం దాకా తగ్గుతుంది. దిగుబడి పడిపోదు. ఇది విని నేను ఎంతో ఉత్సాహంగా మా ఊళ్లో మా చిన్నాన్న కొడుకుకి చెప్పాను. వాడు నాలుగెకరాలు కౌలుకి చేస్తాడు. అంతా విన్నాడు, గొట్టం కూడా చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"బానే ఉంది అన్నయ్యా. నేను మడి ఆరబెట్టాక కాలవలో మన వంతు రాకపోతే?" అన్నాడు.

బోరున్నవాడు మోటారు వేసుకుంటాడు. కాలవ కింద వాడికి నీళ్లొచ్చినప్పుడే పెట్టుకోవాలి, అందుకే దొరికినంతా నిలవగడతాడు. పై చేనువాడు వదిలిన నీరే కింది చేనుకి దిగేచోట ఒక్కడు ఆరబెడతానన్నా కుదరదు. వాడి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇక్కడ ముందు వరసలో నీటిపారుదల శాఖ ఇంజినీర్లు ఇద్దరు కూర్చున్నారని నిర్వాహకులు చెప్పారు. భోజనాలకింకా పావుగంట ఉంది. మైకు వాళ్లకిస్తాను.