చిన్న వ్యాపారానికి అప్పు: ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

శ్రోతలకు నమస్కారం.

వరంగల్ కొత్తవాడలో దరీలకు ఇంకో మగ్గం వేయాలన్నా, హన్మకొండ చౌరస్తా దుకాణంలో పండగ సరుకు దింపాలన్నా చేతిలో డబ్బు చాలదు. అప్పుడు ముందు గుర్తొచ్చేది గిరిగిరి, అంటే రోజూ కొంత కట్టి తీర్చే ప్రైవేటు అప్పు. సాయంత్రం అడిగితే పొద్దున్నే డబ్బు, కాగితాల గోల లేదు. 10,000 అని రాసుకుని 1,000 ముందే పట్టుకుంటారు, 9,000 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ ఆ 9,000 వంద రోజులూ మన దగ్గర ఉండవు, మర్నాటి నుంచే వెనక్కి పోతుంటాయి. అలా లెక్కేస్తే నెలకు నూటికి ఆరు రూపాయల పైనే వడ్డీ పడ్డట్టు. మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్లను మాత్రం పీక్కు తింటున్నారని తిట్టుకుంటాం!

బ్యాంకువాళ్లు ఏడాది వడ్డీ చెప్తారు. 12 శాతం అంటే మన లెక్కలో నూటికి నెలకు రూపాయి. ఫైనాన్స్ కంపెనీ కూడా అదే 12 శాతం అనొచ్చు, కానీ అది ఫ్లాట్ రేటా (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ), తగ్గే బాకీ మీదా (కట్టినకొద్దీ మిగిలిన దాని మీదే వడ్డీ) అని అడగండి. లక్ష రూపాయలు ఏడాదిలో తీర్చాలంటే ఫ్లాట్‌లో నెల కిస్తు 9,333. తగ్గే బాకీ మీదైతే 8,885. ఏడాదికి తేడా ఐదు వేల పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు వేరే. ఇవన్నీ కలిపిన అసలు రేటును ఒక కాగితం మీద చూపించాలని 2024 అక్టోబర్ నుంచి నియమం ఉంది. దాని పేరు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. అది చదవకుండా సంతకం పెట్టకండి.

మరి ఏ బ్యాంకు? మీ గల్లా డబ్బు ఎందులో పడుతుందో ఆ బ్యాంకు. చాలామంది దుకాణంలో క్యూఆర్ కోడ్ తమ్ముడి ఖాతాదో, కొడుకు ఖాతాదో ఉంటుంది. రోజంతా బేరం జరిగినా మేనేజరు మీ పాస్‌బుక్ తెరిస్తే ఏమీ కనపడదు. అప్పు అవసరానికి ఏడాది ముందే ఆ కోడ్ మీ ఖాతాకు మార్చుకోండి. ఊళ్లో గ్రామీణ వికాస్ బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లు కంగారు పడొద్దు, 2025 జనవరి నుంచి దాని తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి, అంతే.

చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన అప్పుల పథకం ముద్రలో 50,000 దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. తాకట్టు అడగకూడదు. ముద్ర ఇప్పిస్తానని కమీషన్ అడిగే మధ్యవర్తికి దండం పెట్టి పంపేయండి. చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు కూడా రూపాయి ఖర్చు లేదు.

పింఛన్ల రద్దీ ఉండే నెల మొదటి వారం కాకుండా, తీరిక వేళ చూసుకుని మేనేజరును కలవండి. "ఎంత ఇస్తారు సార్?" అని మొదలుపెట్టొద్దు. మగ్గానికి ఇంత, నూలుకు ఇంత, నెలకు ఇంత మిగులుతుంది, ఇంత కిస్తు కట్టగలను అని చెప్పండి. కొటేషన్, ఏడాది స్టేట్‌మెంట్ వెంట ఉంచుకోండి. వెళ్లేముందు మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టు చూసుకోండి, ఏడాదికోసారి ఉచితమే. బామ్మర్ది బండి లోనుకు మీరు పెట్టిన జామీను అందులో కనపడుతుంది, అతను కిస్తులు ఎగ్గొడితే అదీ కనపడుతుంది.

కాదంటే, కారణం రాసివ్వమని మర్యాదగా అడగండి. ఇవ్వాల్సిందే. పాత బాకీ కారణమైతే తీర్చి మళ్లీ వెళ్లండి. కారణమే చెప్పకుండా తిప్పుకుంటుంటే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకుంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, దానికి ఫీజు లేదు.