ఒకే పద్దు పుస్తకంలో రెండు లెక్కలు

సభకు నమస్కారం.

రాత్రి పదకొండు గంటలకు టెలిఫోన్ బూత్ ముందు వరుసలో నిలబడిన అనుభవం ఈ సభలో చాలామందికి ఉండే ఉంటుంది. పదకొండు దాటితే ఎస్టీడీకి, అంటే దూరపు ఊళ్లకు చేసే కాల్‌కు, పావు ఛార్జీయే పడుతుందన్న లెక్క ఆ రోజుల్లో హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని చదువుకునే ప్రతి విద్యార్థికీ కంఠతా వచ్చు. నారాయణగూడలో నా గదికి ఎదురుగా పసుపు రంగు బోర్డు ఉన్న బూత్ ఒకటి ఉండేది. మా ఊళ్లో కిరాణా కొట్టువారి ఇంటికి ఫోన్ చేసి, అమ్మను పిలవమని చెప్పి పెట్టేసి, పది నిమిషాలాగి మళ్లీ చేయాలి. ఆ పది నిమిషాలూ వరుసలో నా చోటు పోకుండా కాచుకోవాలి. అమ్మ గొంతు వినపడగానే మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెత్తేవి, చెప్పదలచుకున్న మాటల్లో సగం గొంతులోనే ఉండిపోయేవి.

ఆ మీటరు మింగిన రూపాయలు ఎక్కడికి వెళ్లాయన్నదే, ఆ లెక్కను వారసత్వంగా పొందిన ప్రభుత్వ టెలికాం సంస్థ బీఎస్ఎన్ఎల్ కథే ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్న విషయం. వాటిలో కొంత భాగం, నాకు అప్పట్లో తెలియకపోయినా, మా ఊరి కిరాణా కొట్టుకు వెళ్లిన ఆ తీగను నిలబెట్టడానికే ఖర్చయింది. పల్లెలో ఫోనుకు కట్టే అద్దె ఆ తీగ నిర్వహణకు ఏ మూలకూ చాలేది కాదు. ఆ లోటును దూరపు కాల్స్ మీద వచ్చే మిగులుతో పూడ్చేవారు. ఇది ఏ చట్టంలోనో సబ్సిడీ అన్న పేరుతో రాసి పెట్టినది కాదు. ధరల పట్టికలోనే ఇమిడిపోయిన ఏర్పాటు.

1985లో తపాలా, తంతి శాఖ రెండుగా విడిపోయి టెలికాం శాఖ ఏర్పడింది. మరుసటి ఏడాది ఢిల్లీ, ముంబయి నగరాలను ఎంటీఎన్ఎల్ అనే సంస్థకు అప్పగించారు. హైదరాబాద్ దాని పరిధిలోకి ఎన్నడూ రాలేదు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, దానివల్లనే ఆబిడ్స్ వ్యాపారుల ఫోను బిల్లూ, ఆదిలాబాద్ అడవి పక్కన ఉన్న ఎక్స్ఛేంజి ఖర్చూ ఒకే సంచిలో పడ్డాయి. 2000 అక్టోబరు 1న ఆ సంచిని యథాతథంగా భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్‌కు, అంటే మనం బీఎస్ఎన్ఎల్ అని పిలుచుకునే సంస్థకు అందించారు. శాఖలోని ఉద్యోగులు, భవనాలు, తీగలు, అలవాట్లు అన్నీ వచ్చాయి. పల్లెలకు సేవ అందించే బాధ్యత కూడా వచ్చింది, కానీ ఆ బాధ్యతకయ్యే ఖర్చును విడిగా చూపే పద్దు మాత్రం రాలేదు.

మొదటి కొన్నేళ్లు ఆ లోపం ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే డబ్బు బాగానే వచ్చింది. 2002 అక్టోబరులో ప్రధాని వాజపేయి లక్నోలో సంస్థ మొబైల్ సేవను ప్రారంభించారు. 2004-05లో లాభం 10 వేల కోట్ల రూపాయలు దాటింది. 2006 మార్చిలో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక్క రూపాయి అన్న పథకం వచ్చింది; ఎస్టీడీ బూత్ ముందు నిలబడిన నా తరానికి అది పండుగే. అయితే అదే రోజున, పల్లె తీగను పోషించిన పాత మిగులు కూడా ముగింపుకు వచ్చిందని గ్రహించినవారు తక్కువ.

పోటీ వల్ల దూరపు కాల్స్ ధర ఎలాగూ పడిపోయేదే, దాన్ని తప్పుపట్టలేం. తగ్గిపోతున్న ఆ మిగులుకు ప్రత్యామ్నాయంగా 2003 నుంచి యాక్సెస్ డెఫిసిట్ ఛార్జీ అనే పద్ధతి నడిచింది: ఇతర ఆపరేటర్లు చెల్లించే సొమ్ములో కొంత, నష్టానికి నడిచే ల్యాండ్‌లైన్ల కోసం బీఎస్ఎన్ఎల్‌కు చేరేది. 2008లో దాన్ని ఎత్తివేశారు. 2009-10లో సంస్థ 1,823 కోట్ల రూపాయల నష్టం చూపింది. ఈ రెండు సంగతులకూ నేరుగా ముడిపెట్టి ఊరుకుంటే అది సగం నిజమే అవుతుంది, కాబట్టి మిగిలిన సగం కూడా చెప్పాలి.

2010లో 3జీ వేలం జరిగింది. బీఎస్ఎన్ఎల్ వేలంలో పాల్గొనలేదు. స్పెక్ట్రమ్, అంటే సేవకు కావలసిన రేడియో తరంగాలు, ముందే కేటాయించారు గానీ, ప్రైవేటు సంస్థలు పాడిన ధరకు సమానంగా చెల్లించమన్నారు. 3జీకి, బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్‌కు కలిపి సుమారు 18,500 కోట్ల రూపాయలు కట్టవలసి వచ్చింది. తాము ఎన్నుకోని సర్కిళ్లకు (టెలికాం సేవా ప్రాంతాలకు), తాము పాడని ధరకు, చేతిలో ఉన్న నగదులో పెద్ద భాగాన్ని ఇచ్చారు. ఆ సంవత్సరమే 9.3 కోట్ల మొబైల్ లైన్ల పరికరాల టెండరు రద్దయింది. ఫోను కావాలని జనం తోసుకువస్తున్న రోజుల్లో అమ్మడానికి లైన్లు లేవు. యజమానిగా ప్రభుత్వం డబ్బు వసూలు చేసేటప్పుడు దాన్ని కంపెనీగా చూసింది, సామాను కొననిచ్చేటప్పుడు శాఖగా చూసింది. నా అభిప్రాయంలో ఆ సంస్థ ఎదుర్కొన్న కష్టాలకు మూలం ఇక్కడే ఉంది.

లోపలి తప్పులు లేవని నేననను. ఫోను కోసం ఏళ్ల తరబడి జనమే ఎదురుచూసిన కాలంలో తయారైన కార్యాలయానికి, వినియోగదారు ఇంకొకరి దగ్గరకు వెళ్లిపోగలడన్న ఆలోచన ఒంటబట్టడానికి చాలా కాలం పట్టింది. జీతాల భారం ఆదాయంలో పెద్ద భాగాన్ని మింగేది. 2019 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన పునరుద్ధరణ ప్యాకేజీలో భాగంగా స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెడితే 78,569 మంది వెళ్లిపోయారు. 2020 జనవరి 31 వారి ఆఖరి పనిదినం. లెక్కల ప్రకారం అది అవసరమే. కానీ వీధిలోని ఏ పిల్లరు (తీగలు పంచే పెట్టె) నుంచి ఏ జత తీగ ఏ సందులోకి వెళ్తుందో కాగితం చూడకుండా చెప్పగలిగే లైన్‌మ్యాన్లు, కేబుల్ జాయింటర్లు కూడా ఆ లెక్కలోనే పోయారు.

తీగ మాట వచ్చింది గనుక ఒక చిన్న సంగతి. పాత ల్యాండ్‌లైనుకు కరెంటు మన ఇంటి నుంచి కాదు, ఎక్స్ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీల నుంచి అదే రాగి తీగ మీదుగా వచ్చేది. అందుకే వీధంతా చీకటైనా ఫోను మోగేది. ఇప్పుడు ఇంటికొచ్చే ఫైబరు గాజు. అది వెలుగును మోస్తుంది గానీ విద్యుత్తును మోయదు. కరెంటు పోయి ఇంట్లోని మోడెం పెట్టె ఆరిపోతే ఫోనూ ఆగిపోతుంది. నగరంలో ఫైబర్ కనెక్షన్లు చాలావరకు స్థానిక కేబుల్ ఆపరేటర్ల భాగస్వామ్యంతో, ఆదాయం పంచుకునే పద్ధతిలో ఇస్తున్నారు. కాబట్టి మన వీధిలో సేవ ఎలా ఉంటుందన్నది సంస్థ మీద ఎంత ఆధారపడుతుందో, ఆ వీధి ఆపరేటరు మీదా అంతే ఆధారపడుతుంది.

ఇక 4జీ. ప్రైవేటు సంస్థలు 5జీకి వెళ్లిపోయిన తర్వాత బీఎస్ఎన్ఎల్ 4జీ దేశమంతటా వచ్చింది. ఆలస్యానికి ఒక కారణం ఏమిటంటే, 2020లో పాత టెండరును రద్దుచేసి, స్వదేశీ పరికరాలతోనే నెట్‌వర్క్ కట్టాలని నిర్ణయించారు. నెట్‌వర్క్‌కు మెదడు లాంటి కోర్ భాగాన్ని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాట్, టవర్ల మీది రేడియో పరికరాలను తేజస్ కంపెనీ తయారు చేయగా, సాఫ్ట్‌వేర్ సంస్థ టీసీఎస్ వాటిని ఒకచోట కూర్చింది. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని దాన్ని ప్రారంభించారు. ఇలాంటి పరికరాలను సొంతంగా తయారు చేసుకునే దేశాలు వేళ్ల మీద లెక్కించదగినన్నే ఉన్నాయి కాబట్టి ఇది ఘనతే. ఆ ఘనతకు మూల్యంగా పోయిన అయిదేళ్లలో చేజారిన వినియోగదారుల నష్టం మాత్రం సంస్థ ఖాతాలోనే పడింది, దేశం ఖాతాలో కాదు.

2024-25 మూడో త్రైమాసికంలో 262 కోట్ల లాభం వచ్చిందని, ఏడాది మొత్తానికి 2,247 కోట్ల నష్టమని పత్రికల్లో చదివాం. ఈ అంకెల్లో ఎంత భాగం హైదరాబాద్ వంటి నగరాల్లో పోటీపడి గెలిచిన, ఓడిన వ్యాపారానిదో, ఎంత భాగం ప్రభుత్వం అప్పగించిన పనిదో వేరుచేసి చూపితే తప్ప, దీనికి చప్పట్లు కొట్టాలో నిట్టూర్చాలో చెప్పలేం.

వేరుచేయడం అసాధ్యమేమీ కాదు. 2022 జులైలో ఆమోదించిన 4జీ శాచురేషన్ (సేవ లేని ఊళ్లన్నిటికీ 4జీ చేర్చే) పథకంలో 24,680 గ్రామాలకు సేవ చేర్చే పనిని 26,316 కోట్ల రూపాయలతో బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించినప్పుడు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో స్పష్టంగా రాశారు: యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ నిధి నుంచి, అంటే పల్లెల సేవ కోసం టెలికాం సంస్థల నుంచి వసూలు చేసే నిధి నుంచి. నిర్మాణ వ్యయంతోపాటు అయిదేళ్ల నిర్వహణ వ్యయం కూడా అందులో కలిసే ఉంది. నా బూత్ రోజుల్లో దాగి ఉన్న లెక్కను ఇంత స్పష్టంగా కాగితం మీదకు తెచ్చినందుకు నేను సంతోషిస్తున్నాను.

అయితే ఆ అయిదేళ్లు పూర్తయిన మరుసటి నెల, ఏజెన్సీ గుట్ట మీద ఒక టవరు డీజిలుకు, పాడైన బ్యాటరీకి, అక్కడికి నడిచి వెళ్లే టెక్నీషియను జీతానికి డబ్బు ఎవరిస్తారన్న పద్దు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ గ్రామంలో నలభై ఇళ్లుంటే, ఆ ఇళ్ల రీఛార్జీలతో టవరు నడవదు. ఆ ఖాళీని ఇప్పుడే పూరించమని మన పార్లమెంటు సభ్యులను అడగవలసిందిగా ఈ సభను కోరుతున్నాను.

నమస్కారం.