నివురు కింద నిప్పు, ఇంటికొచ్చే బిల్లు

హోస్ట్: నమస్కారం. మన శ్రోతల్లో ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది: సొంత స్థలంలో సొంత చెత్త కాల్చుకుంటే ఫైరింజన్ ఖర్చు మనమెందుకు కట్టాలి? ఫైర్ సర్వీసులో చాలా ఏళ్ళు చేసి రిటైరైన సార్ మనతో ఉన్నారు. చెప్పండి సార్.

గెస్ట్: స్థలం మనదే అమ్మా, గాలి మనది కాదు కదా. మామూలుగా ఇంట్లో ప్రమాదం జరిగితే చాలాచోట్ల బిల్లు వెయ్యరు. ఆరుబయట కాల్చుకోడానికిచ్చే పర్మిట్ లేకుండా అంటించినా, కాల్చకూడదని నిషేధం ఉన్న రోజున అంటించినా, పర్మిట్‌లో రాసిన షరతు తప్పినా అప్పుడొస్తుంది. కాలిఫోర్నియాలో అయితే నిర్లక్ష్యంగా మంట పెట్టినవాళ్ళ దగ్గర ఆర్పిన ఖర్చు వసూలు చెయ్యొచ్చని చట్టంలోనే ఉంది.

హోస్ట్: కాల్చింది అద్దెకున్నవాళ్ళయితే?

గెస్ట్: ఎన్నోచోట్ల స్థలం ఎవరి పేరున ఉంటే బిల్లు వాళ్ళకే వెళ్తుంది. కట్టకపోతే ఆస్తిపన్నులో కలిపేసే ఊళ్ళూ ఉన్నాయి. అద్దెకిచ్చేవాళ్ళు అగ్రిమెంట్‌లో దీని గురించి ఒక్క లైను రాయించుకోవాలి.

హోస్ట్: బిల్లులో ఏమేం ఉంటాయి సార్?

గెస్ట్: బండికి గంటకింత, మనుషులకి గంటకింత. నురగ వాడితే అది వేరు, బుల్డోజర్ అద్దెకి తెస్తే అదీ వేరు. ఇంటి బీమాలో కొంత రావచ్చు గానీ దానికి పరిమితి ఉంటుంది. పాలసీ తీసి చూసుకోండి.

హోస్ట్: పర్మిట్ చేతిలో ఉంటే భయం లేదు కదా?

గెస్ట్: అక్కడే పొరపాటు పడతారు. పర్మిట్‌లో కుప్ప ఎంతుండాలో, ఇంటికెంత దూరముండాలో, ఏ వేళలో కాల్చాలో ఉంటుంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా ఉంది చూశారా, అక్కడ క్యాంప్‌ఫైర్ అంటే అర మీటరు ఎత్తు, అర మీటరు వెడల్పు, అంతే. రెండు మీటర్ల ఎత్తో, మూడు మీటర్ల వెడల్పో దాటిన కుప్పకి ముందే రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. పైగా పొద్దున బాగున్న వాతావరణం మధ్యాహ్నానికి మారిపోతుంది. తేమ పడిపోతుంది, గాలి లేస్తుంది. అందుకే అంటించే రోజున మళ్ళీ కనుక్కోమంటాను.

హోస్ట్: ప్లాస్టిక్, రంగులేసిన చెక్క?

గెస్ట్: వద్దమ్మా, అస్సలొద్దు. ప్లాస్టిక్ బయట కాలిస్తే డయాక్సిన్లనే విషపదార్థాలు రావచ్చు. పుచ్చకుండా మందు పట్టించిన పాత కలపలో ఆర్సెనిక్ ఉండొచ్చు, అది బూడిదలో మిగిలిపోతుంది.

హోస్ట్: మీరు చూసిన ఒక సంఘటన చెప్తానన్నారు.

గెస్ట్: ఒకాయన పర్మిట్ తీసుకునే కొమ్మలు కాల్చాడు. సాయంత్రం రెండు బకెట్లు పోశాడు. పైన నల్లగా తడిసింది, పొగ ఆగింది, లోపలికెళ్ళిపోయాడు. నివురుగప్పిన నిప్పంటామే, అచ్చం అదే. బూడిద కింద సెగ అలాగే నిలిచింది. పక్కనే పాత మొద్దు ఉంది, దాని వేరు పట్టుకుని నేల కిందే రాజుకుంటూ పోయింది. మర్నాడు మధ్యాహ్నం కుప్పకి నాలుగడుగుల అవతల ఎండుగడ్డిలో బయటపడింది.

హోస్ట్: మరి ఎలా ఆర్పాలి?

గెస్ట్: నీళ్ళు పొయ్యాలి, పారతో అడుగుదాకా తిరగెయ్యాలి, మళ్ళీ పొయ్యాలి. బుస్సుమనే చప్పుడు పోయేదాకా ఇదే పని. ఆ తర్వాత అరచెయ్యి వెనక్కి తిప్పి బూడిదకి దగ్గరగా పెట్టి చూడాలి. సెగ తగిలిందంటే ఆరలేదనే. ఏమీ తగలకపోతే అప్పుడు ముట్టుకుని చూడండి. చల్లగా లేకపోతే అక్కణ్ణుంచి కదలొద్దు. మొద్దులూ వేర్లూ ఉన్నచోట కుప్పే వెయ్యొద్దు.

హోస్ట్: ఆయనకి బిల్లొచ్చిందా?

గెస్ట్: వచ్చింది. ఆరకుండా వదిలెయ్యకూడదని పర్మిట్‌లోనే రాసుంది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అది కాదు. గడ్డి అంటుకోగానే ఆయన చూశాడు. ఒక్కడే గోనెసంచితో కొడుతూ కూర్చున్నాడు. మేం వెళ్ళేసరికి పక్కవాళ్ళ కంచె మొత్తం పోయింది, రెండో స్టేషన్ నుంచి కూడా బండి పిలవాల్సొచ్చింది. ముందే ఎందుకు ఫోన్ చెయ్యలేదయ్యా అంటే, చేతులు వణుకుతూ, "బిల్లేస్తారేమోనని సార్" అన్నాడు.