8 అంక్లుంగ్‌ల సెట్ రివ్యూ: ఊపడం తెలిస్తేనే పలుకుతుంది

నమస్కారం అండీ. ఇండోనేషియాలో, పశ్చిమ జావా సుండా ప్రాంతంలో పుట్టిన వెదురు వాయిద్యం అంక్లుంగ్. జావాలోనే ఉన్న జోగ్జకర్తా నగరం మాలియోబోరో వీధిలో బృందాలు డప్పుల మధ్య దీన్నే మోగిస్తాయి. 2010లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

ఒక్క అంక్లుంగ్‌కి ఒక్కటే స్వరం. దగ్గరగా చూడండి: చట్రంలో పొడుగుదొకటి, పొట్టిదొకటి, రెండు గొట్టాలు. రెండిటిదీ ఒకే స్వరం, ఒక స్థాయి (ఆక్టేవ్) తేడా. వాటి కింది కొసలు అడుగు వెదురు గాడుల్లో జారుతూ అంచులకు తగులుతాయి. మోత పుట్టేది అక్కడే.

ఎడమచేత్తో పైచట్రం వదులుగా, నిటారుగా పట్టుకోండి. కుడిచేత్తో అడుగు వెదురు కొస పట్టుకుని పక్కలకు చిన్నగా, వేగంగా ఊపండి. ముందుకీ వెనక్కీ ఊపితే టకటక తప్ప స్వరం రాదు. కొత్తవాళ్లందరూ తప్పేది ఇక్కడే. పక్కలకు ఆపకుండా ఊపడం కురులుంగ్. ఒక్కసారి చటుక్కున లాగి వదిలేది చెంతోక్. ఒక గొట్టాన్ని వేలితో ఆపి రెండోదాన్నే పలికిస్తే తెంకెప్.

ఈ సెట్ పాశ్చాత్య స్వరం సి నుంచి పై సి దాకా. పాత అంక్లుంగ్‌లు పెలోగ్, సలెంద్రో అనే అక్కడి సంప్రదాయ శ్రుతుల్లో ఉండేవి. 1938లో దాయెంగ్ సుతిగ్నా అనే ఉపాధ్యాయుడు వాటిని పాశ్చాత్య స్వరాలకు మార్చారు. అందుకే మన శంకరాభరణం స్వరాలన్నీ ఇందులో దొరుకుతాయి. ఎఫ్, బి (మ, ని) పక్కన పెడితే మోహనం. గమకాలు మాత్రం పలకవు. షార్పులూ ఫ్లాట్లూ (మధ్యలో వచ్చే అర స్వరాలు) లేవు కాబట్టి సినిమా పాటలు చాలావరకు సగంలో ఆగిపోతాయి. అవి కావాలంటే పెద్ద సెట్టే కొనాలి.

కొనేటప్పుడు ఫోన్‌లో ట్యూనర్ (శ్రుతి చూపే యాప్) పెట్టి, ఒక్కో గొట్టాన్ని విడిగా పలికించి చూడండి. రెండూ కలవకపోతే వద్దనేయండి. గొట్టం పైకొస కోస్తే స్వరం పెరుగుతుంది, పక్కలు చెక్కితే తగ్గుతుంది. ఆ పని తయారీదారుదే, ఇంట్లో చాకు పెట్టకండి. కట్టిన బెత్తం వదులైందా, వెదురు నుంచి సన్నటి పొడి రాలుతోందా చూడండి. పొడి రాలితే లోపల పురుగున్నట్టే. ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే వెదురు పగులుతుంది. తడిగుడ్డతో తుడవొద్దు.

నలుగురుంటే తలా రెండు తీసుకోండి. పక్కవాళ్ల స్వరం మొదలయ్యేదాకా మీది ఊపుతూనే ఉండాలి. ముందే ఆపేస్తే పాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది.